ఇబ్రహీంపట్నం సబ్‌మెరైన్ క్లబ్

2007 ఎండాకాలంలో మా ట్రావెల్ కంపెనీ నన్ను ఇబ్రహీంపట్నం గ్రూపుకు టూర్ మేనేజర్‌గా వేసింది. వెళ్లవలసింది థాయిలాండ్‌లోని పటాయా. టూర్ మేనేజర్ అంటే చాలామంది గైడ్ అనుకుంటారు. గైడ్ ఊరు చూపిస్తాడు. టూర్ మేనేజర్ మనుషులను చూసుకుంటాడు. పాస్‌పోర్టులు, గదుల తాళాలు, పప్పన్నం దొరకలేదని అలిగేవాళ్లు, బజారులో తప్పిపోయేవాళ్లు, అందరూ అతని నెత్తిమీదే. ఇలాంటి గ్రూపును మా వృత్తిలో ఇన్సెంటివ్ గ్రూపు అంటాం. ప్రయాణికులు పైసా కట్టరు. సరుకు బాగా అమ్మినందుకు వాళ్ల యజమాని కడతాడు.

ఇక్కడ సరుకు ప్లాట్లు. ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకేదైనా అమ్ముతారా అని అనుమానం వచ్చేది. శంషాబాద్‌లో విమానాశ్రయం లేస్తోంది. రింగురోడ్డుకు కొలతలు పడుతున్నాయి. మహేశ్వరం నుంచి ఇబ్రహీంపట్నం దాకా జొన్న పీకిన ప్రతి చేనుకూ ఒక సిమెంటు కమాను, కమాను మీద ఎవరూ సరిగా పలకలేని ఒక విదేశీ పేరు. కమాను వెనక హద్దురాళ్లు, రాళ్ల వెనక మేకలు. దాన్ని వెంచర్ అనేవారు.

ఈ వెంచర్ల యజమాని మల్లేశం. విజిటింగ్ కార్డు మీద చైర్మన్ అని ఉండేది. అంతకుముందు బోరు మోటార్లు బాగుచేసేవాడట. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు, మిగతావాళ్లు ఎత్తకుండా ఉండరు. తన ఏజెంట్లను ఆయన రెండు అంతస్తులుగా విడగొట్టాడు. ఓ మాదిరిగా అమ్మినవాళ్లు బస్సు క్లబ్. వాళ్లు పటాయాను బస్సులోంచి చూస్తారు. దంచి అమ్మినవాళ్లు సబ్‌మెరైన్ క్లబ్. వాళ్లకు బస్సుతో పాటు నీటి కింద నడిచే పడవ కూడా. పైగా నెత్తిన నీలం టోపీ. సబ్‌మెరైన్ క్లబ్ సముద్రం అడుగుకు వెళ్లి వచ్చేదాకా బస్సు క్లబ్ ఒడ్డున కూర్చుని ఎదురుచూడాలని కూడా ఆయనే నిర్ణయించాడు. ఆ టోపీ కోసం ఏడాదంతా మనుషులు చుట్టాలను, చుట్టాల చుట్టాలను వదలలేదు.

ప్రయాణానికి ముందు సాగర్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాల్లో గ్రూపుకు జాగ్రత్తలు చెప్పాను. ఇది తప్పనిసరి పద్ధతి. సబ్‌మెరైన్ ఎక్కేవాళ్లను విడిగా కూర్చోబెట్టి గుండె జబ్బు, ఇరుకు చోట భయం ఉన్నవాళ్లు ముందే చెప్పాలని అడిగాను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా చైర్మన్ నవ్వాడు.

"భయమున్నోడు రియలెస్టేట్ల ఉంటడా, మేనేజర్ సాబ్?"

హాలు చప్పట్లతో మోగిపోయింది.

బాలమణి నాకు అక్కడే పరిచయమైంది. నలభై దాటిన మనిషి. శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు మెస్ నడిపేది. పిల్లలను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆమె దగ్గర భోంచేసి, చేతులు కడుక్కునేలోగా ఒక ప్లాటు బుక్ చేసేవారు. తన తమ్ముడు యాదయ్య పొలం చైర్మన్ కొత్త వెంచర్‌లో కలవబోతోందని, బదులుగా ప్లాట్లు వస్తాయని ఆమె నాకు సంతోషంగా చెప్పింది.

"నేను పటాయల ఉన్నప్పుడే సంతకాలట సారూ. చైర్మన్ అన్ననే ముహూర్తం పెట్టిచ్చిండు."

నేను టూర్ మేనేజర్‌ని, పంతులుని కాదు. తల ఊపాను.

పటాయాలో మొదటి రోజు బస్సు. అక్కడి గైడ్ నోయి అనే అమ్మాయి. చిన్న జెండా ఊపుతూ ఇంగ్లీషులో చెప్పేది, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఇబ్రహీంపట్నం ఏజెంట్లు పటాయాను చూసిన తీరు నా ఉద్యోగంలో ఇంకెక్కడా చూడలేదు. కొండ మీద బంగారు బుద్ధుణ్ణి చూపిస్తే, కొండ కింద గజం ఎంత పలుకుతుందని అడిగారు. సముద్రాన్ని చూసి, ఈస్ట్ ఫేసింగా వెస్ట్ ఫేసింగా అన్నారు. నోయికి నేను ఈ ప్రశ్నలు అనువదించలేదు.

నా పక్క సీట్లో సలీం కూర్చున్నాడు. ప్రతి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో కొనేవాళ్లను ఎక్కించుకుని, బిర్యానీ పొట్లాలు పంచుతూ వెంచర్ చూపించే బస్సు అతనిదే. తోలేదీ అతనే, అమ్మేదీ అతనే. కాసేపు నోయిని గమనించి నా చెవిలో అన్నాడు.

"సార్, గీ పిల్ల ఎడమ దిక్కు చూడుమన్నప్పుడల్ల నేను కుడి దిక్కు చూస్తున్న. కుడి దిక్కు కంపు కొట్టే మోరీ ఉన్నది. మేం గూడ గట్లనే చేస్తం."

బస్సు యాత్రలో రత్నాల దుకాణం ఒక మజిలీ. అది రూటులో ఎందుకు ఉంటుందో చెప్పాలి. స్థానిక ఏజెన్సీ మాకు బస్సు చవకగా ఇస్తుంది, ఆ తగ్గింపును దుకాణం కమీషన్‌తో పూడ్చుకుంటుంది. ప్రయాణికుడు కొనకపోతే గైడ్ ముఖం వాడిపోతుంది. ఆ రోజు ఒక్కరు కూడా ఒక్క రాయి కొనలేదు. అమ్మే పిల్ల బాలమణికి నీలపు ఉంగరం తొడిగి ఏదో చెప్పింది. నేను అనువదించాను. ఈ ధర ఇవాళ ఒక్కరోజే అంటోంది అన్నాను.

బాలమణి ఉంగరం తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. "మేం ఏడాది సంది ఇయ్యాల ఒక్కరోజే అంటున్నం సారూ. బిడ్డకు చెప్పు, మనది మనది ఒకటే పని అని."

సాయంత్రం హోటల్ తోటలో చైర్మన్ నన్ను పక్కకు పిలిచాడు. మర్నాడు సబ్‌మెరైన్ రద్దు చేయమన్నాడు. సముద్రం బాగాలేదని నన్నే చెప్పమన్నాడు. ఆయన మొదటి అంతస్తులోనే గది కావాలని ఎందుకు పట్టుబట్టాడో, వ్యాయామమంటూ లిఫ్టు మానేసి మెట్లెక్కడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. సముద్రం సంగతి తేల్చేది పడవ కంపెనీ అని, వాళ్లు జెండా ఎగరేస్తే పడవ దిగుతుందని, నేను అబద్ధపు ప్రకటన చేయనని చెప్పాను. అయితే ఎవరికీ బలవంతం లేదు, పైన, సబ్‌మెరైన్ ఎక్కించే ప్లాట్‌ఫారం ఓడలో నీడన కూర్చోవచ్చు అన్నాను.

"పైన కూసుంటే నేను బస్సు క్లబ్ల కలిసినట్టే గద!" అన్నాడు. ఆయన కష్టం నిజమైనదే. ఆ క్లబ్బులు ఆయనే పెట్టాడు.

నేను ఒప్పుకోనందుకు పొద్దున టిఫిన్ దగ్గర ఆయనే లేచి సముద్రం బాగాలేదని ప్రకటించాడు. అబద్ధాలు అమ్మి బతికేవాళ్ల ముందు అబద్ధం చెప్పడం తేలిక కాదు. నీలం టోపీలన్నీ ఒక్కసారిగా బాల్కనీలోకి వెళ్లి చూసి వచ్చాయి.

"అన్నా, పల్లెంల పోసిన నీళ్ల లెక్కున్నది సముద్రం. అల లేదు, గిల లేదు," అంది బాలమణి.

"బస్సు క్లబ్బోళ్ల ముంగట మా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు సలీం. ఎవరో టోపీ తీసి ఇడ్లీల పక్కన పెట్టారు.

చైర్మన్ ఇటూ అటూ చూసి పకపకా నవ్వాడు. "మీ పట్టుదల ఎంతున్నదో టెస్ట్ చేసిన. శభాష్! నడువుండ్రి."

ఒడ్డు నుంచి ఒక లాంచీ మమ్మల్ని ప్లాట్‌ఫారం ఓడకు చేర్చింది. సబ్‌మెరైన్ దాని పక్కన తేలుతోంది. పైమూతలోంచి నిచ్చెన మీదుగా వెనక్కు తిరిగి దిగాలి. లోపల పొడవాటి బల్ల, వీపుకు వీపు ఆనించి రెండు వరుసలు, ఎవరి ముందు వాళ్లకు గుండ్రటి అద్దం. లోపలి గాలి పైన ఉన్నట్టే ఉంటుంది, చెవులు నొప్పి పెట్టవు. మూత వేసేముందు భయం సంగతి నేను మరోసారి అడిగాను. అది నియమం. చైర్మన్ ఈసారి నవ్వలేదు. టోపీ సర్దుకుని నిచ్చెన పక్క సీట్లో కూర్చున్నాడు.

మూత పడిన చప్పుడు పెద్దది. లోపలి దీపాలు తగ్గించారు. అద్దాల అవతల మొదట పచ్చటి బురదనీళ్లు, తర్వాత బూడిదరంగు రాళ్లు కనిపించాయి. బ్రోచర్‌లో పగడాలన్నవి అవే. చేపలు కూడా వాటంతట అవి రాలేదు. ఒక డైవర్ రొట్టెముక్కలు విదిలిస్తుంటే వచ్చాయి. అయినా టోపీలన్నీ అద్దాలకు అతుక్కుపోయాయి, కేకలు, ఈలలు.

చైర్మన్ మాత్రం అద్దం వైపు చూడటం లేదు. నిచ్చెన కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. చొక్కా తడిసిపోయింది.

"మూత తియ్యమను," అన్నాడు నాతో.

సిబ్బందికి సైగ చేశాను. డైవర్ బయట ఉన్నాడు, అతను పక్కకు తప్పుకునేదాకా పైకి లేవడం కుదరదని కెప్టెన్ అన్నాడు. ఇలాంటప్పుడు మాకు శిక్షణలో చెప్పింది ఒకటే. గుండీలు విప్పాలి, ఒక ముఖాన్నే చూడమనాలి, ఆపకుండా మాట్లాడించాలి. మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే దారికి వస్తుంది. ఆయన నా ముఖం చూడటం లేదు. పక్కనే ఉన్న బాలమణికి ఆ మాటే చెప్పాను. ఆమె ఆయన రెండు చేతులూ కడ్డీ మీంచి విడిపించి తన చేతుల్లోకి తీసుకుంది.

"అన్నా, నా దిక్కు చూడు. మాట్లాడు. ఏదన్న చెప్పు, ఊకోకు."

"ఏం చెప్పాలె? సస్తున్న బాలమణీ."

"సావవు. ఏదన్న చెప్పు."

చెప్పాడు. "నీ తమ్మున్ని సంతకం పెట్టొద్దను. కొత్త వెంచర్ మీద కోర్టుల కేసున్నది. గా భూమి మీద బ్యాంకోడు లోన్ ఇయ్యనన్నడు. మీ యాదయ్య భూమి కుదువ పెట్టి తెద్దామనుకున్న. కేసు ఓడితే ఆయన భూమి గూడ పోతది. నువ్వుంటే అడ్డం పడ్తవని... నువ్వు ఈడ ఉన్నప్పుడు పెట్టుకున్న ముహూర్తం. పాపం తల్గుతది నాకు. చెప్పు ఆయనకు, చెప్పు..."

బాలమణి చేతులు వదల్లేదు. "ఇంక చెప్పు," అంది, అదే గొంతుతో.

సరిగ్గా అప్పుడే లోపల చప్పట్లు పేలాయి. అద్దాల అవతల డైవర్ ఒక బ్యానర్ విప్పి పట్టుకున్నాడు. చైర్మన్ హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగా తెచ్చి పడవవాళ్లకు ఇచ్చిన బ్యానర్ అది. కొత్త వెంచర్ పేరు, కింద "సముద్రమంత నమ్మకం" అని ఎర్రటి అక్షరాలు. నీటి కింద ఎరుపు నిలవదు, అక్షరాలు మట్టిరంగులో కనిపించాయి. రొట్టె అనుకుని ఒక చేప 'నమ్మకం' దగ్గర రెండుసార్లు కొరికింది. ఏజెంట్లు నిలబడి జై కొట్టారు. బ్యానర్ మడిచి డైవర్ తప్పుకున్నాకే మేం పైకి లేచాం.

ఓడ మీద కొబ్బరినీళ్లు రెండు తాగేసరికి చైర్మన్ మళ్లీ చైర్మన్ అయ్యాడు. తిరుగు బస్సులో నోయి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మనిషి ఆపదలో ఉంటే ఎవరు ముందుకొస్తారో చూద్దామని తాను పరీక్ష పెట్టానని, బాలమణి నెగ్గిందని ప్రకటించాడు. ఒక్క పొద్దులో అది రెండో పరీక్ష. బస్సంతా చప్పట్లు. తర్వాత ఆమె సీటు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"బుగులుకు, భయానికి ఏదేదో ఒర్లిన. మనసుల పెట్టుకోకు."

"బుగులు లేనప్పుడు నువ్వు చెప్పినవి గూడ యాదికున్నయి అన్నా," అంది బాలమణి. "రెండిట్ల ఏది నమ్మాలెనో నేను చూస్కుంట."

ఆమె సలీం వైపు తిరిగింది. సబ్‌మెరైన్‌లో అతను మా వెనకే కూర్చుని ప్రతి మాటా విన్నాడు. నువ్వు విన్నవు గద అని అడిగింది.

"నేనేం వినలే అక్కా. నీళ్లల్లకు పోతే నాకు చెవులు మూస్కపోతయి," అన్నాడు సలీం కిటికీలోంచి చూస్తూ. ఈసారి అతను నోయి చూపించిన వైపే చూశాడు.

హోటల్‌లో దిగగానే ఆమెకు ఇండియాకు ఫోన్ కలిపించాను. యాదయ్య ఫోన్ ఎంతకీ పలకలేదు. ఆమె మళ్లీ మళ్లీ నంబరు నొక్కింది. చివరికి పక్కింటివాళ్ల ఫోన్‌లో దొరికాడు. సంతకాలు మర్నాడేనట, చైర్మన్ మనుషులు కొత్త బట్టలు కూడా ఇచ్చి వెళ్లారట.

"జరమొచ్చిందని పండుకో," అంది బాలమణి. "నేనొచ్చేదాంక లెవ్వకు. ఎవలొచ్చినా మూలుగు. ఎందుకో వచ్చి చెప్త." అవతల అతను ఏదో అడిగాడు. "బట్టలు కట్టుకో, ఏం గాదు. సంతకం ఒక్కటే పెట్టకు."

యాదయ్య మూలుగుతూనే ఉన్నాడు, అక్క వచ్చింది, భూమి నిలిచింది. మరుసటి ఏడాదికి ప్లాట్ల ఊపు చల్లారింది. కొత్త వెంచర్ కేసు నడుస్తూనే ఉందని, కమాను కింద మేకలు పడుకుంటున్నాయని విన్నాను. బాలమణి తాను ప్లాట్లు అంటగట్టిన తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొందరు తిట్టారు, కొందరు ఆమె మెస్‌కు పిల్లలను పంపడం మానేశారు. ఆమె నీలం టోపీ తిరిగి ఇచ్చేసింది. సలీం ఇవ్వలేదు. చైర్మన్ ఆ తర్వాత హెలికాప్టర్ క్లబ్ పెట్టాడని, దానికి సలీం మొదటి సభ్యుడని తెలిసింది. ఆ టూర్ కూడా మా కంపెనీకే వచ్చింది. నన్ను వేయవద్దని చైర్మన్ ముందే కోరాడట.

ఈ సంఘటన తర్వాత నేను నా పద్ధతి ఒకటి మార్చుకున్నాను. ఇరుకు చోట భయం ఉందా అన్న ప్రశ్న హాల్లో పదిమంది ముందు అడగడం మానేశాను. పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషిని ముందు ఒంటరిగా పిలిచి అడుగుతాను. భయం ఉందని ఒప్పుకున్నవాణ్ణి నీటి కిందకు తీసుకువెళ్లి క్షేమంగా తీసుకురావచ్చు, చాలాసార్లు తెచ్చాను. లేదని బల్లగుద్ది చెప్పినవాణ్ణి మాత్రం ఒడ్డునే దింపేయాలి.