సైలెన్స్ మేడమ్ అనుమానం

ఆవిడకి పెద్దవాళ్ళు పెట్టిన పేరు ఇంకేదో ఉంది. గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు మాత్రం సైలెన్స్ మేడమ్ అనే అంటారు, అదీ మెట్లు దిగాక. గుసగుస వినబడితే చాలు, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి ఒక్క చూపు చూసేది. ఆ చూపుకి పసిపిల్లలు కూడా ఏడుపు మింగేసేవాళ్ళట. అంత లేదు గానీ, కొంత నిజమే.

అనుమానం ఆవిడతోనే పుట్టింది. పెళ్ళయిన కొత్తలో ఈ ఉద్యోగం వస్తే, "ఇంత తేలిగ్గా ఇచ్చారంటే ఏదో మెలిక ఉండే ఉంటుంది" అంది భర్తతో. చేరిన రోజున మెలిక కనబడింది. గోడల నిండా చెమ్మ, బీరువాల నిండా చెదలు. ఇంకెవరూ ఆ ఉద్యోగం మొహం చూడలేదు. ఆవిడే చీర కొంగు బిగించి, చెదలు దులిపి, కార్డులు రాసి సొరుగుల్లో అక్షరక్రమంలో పేర్చి, ఒక్కో పుస్తకం వీపుకీ అంకెల చీటీ అంటించింది. ఇంట్లో బట్టలుతికే పని భర్తది. చీరలకి పట్టిన జిగురు వాసన ఎంతకీ వదలడం లేదని గొణుక్కునేవాడు పాపం.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. చాలాకాలం దాని మీద గుడ్డ కప్పి ఉంచింది, అది తనని చూస్తోందని కాబోలు. వచ్చే జనమూ మారారు. నవల ఏదని అడిగేవాళ్ళు తగ్గి, ఉద్యోగానికి దరఖాస్తు ఎలా పంపాలి, ఫోన్లో వచ్చిన ఈ వార్త నిజమేనా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. సైలెన్స్ మేడమ్ సణుక్కుంటూనే గుడ్డ తీసింది, తెలిసినంతవరకు చేసిపెట్టింది. తెలియంది చాలా ఉందని ఆవిడకీ తెలుసు.

అలాంటప్పుడు పై ఆఫీసు నుంచి ఆఫీసరు ఫోన్ చేశాడు.

"మేడమ్, రెండు వారాల ట్రైనింగ్ ఉంది. కంప్యూటర్లో కేటలాగు చెయ్యడం, జనానికి నెట్‌లో వెతకడం నేర్పడం, అవన్నీ. ఇకమీదట ఆ పని వచ్చినవాళ్ళకే పోస్టులు. వచ్చే శుక్రవారం లోపల చెప్పండి. బలవంతం ఏమీ లేదు."

"నేను వెళ్తే ఇక్కడెవరుంటారు?"

"ఎవరో ఒకర్ని చూస్తాంలెండి."

బలవంతం లేదన్న మాట ఆవిడకి అస్సలు మింగుడుపడలేదు. ఇక ఆ 'ఎవరో ఒకరు' అయితే గుండెల్లో గుచ్చుకుంది. తనని రెండు వారాలు బయటికి పంపి, ఈ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడతారన్నమాట. తిరిగొచ్చేసరికి ఆ మనిషి సొరుగు తాళాలు మొలలో దోపుకుని, "ఎవరు కావాలండీ?" అని అడుగుతాడు.

మర్నాడే ఆ మనిషి వచ్చాడు. ఆవిడ లెక్కలో వాడే వీడు.

నడివయసు. ఇస్త్రీ చొక్కా. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, ఏదో పుస్తకం తెరిచి పెట్టుకుంటాడు. పేజీ తిప్పడు. అరల వంక చూస్తాడు, గడియారం వంక చూస్తాడు, లేచి వెళ్ళిపోతాడు. రోజూ ఇదే తంతు.

"పై ఆఫీసు వాళ్ళే పంపించారండీ. ముందుగా వచ్చి గది చూసుకుంటున్నాడు" అంది ఒక సాయంత్రం భర్తతో.

"పాపం, ఎవరో చదువుకునేవాడేమోనే."

"పేజీ తిప్పకుండా ఏం చదువు?"

"పెళ్ళిచూపుల్లో నన్నూ ఇలాగే అనుమానంగా చూశావు."

"ఇప్పుడు మాత్రం మానేశానా?"

మర్నాడు ఆవిడ ఒక వల పన్నింది. వంటల పుస్తకం ఒకటి తీసుకెళ్ళి చట్టాల పుస్తకాల మధ్య తలకిందులుగా పెట్టింది. ఏమీ ఎరగనట్టు బల్ల దగ్గర కూర్చుంది. ఇంతలో ఎవరో పెద్దాయన పింఛను పత్రం పట్టుకుని వచ్చేసరికి ఆ పనిలో పడిపోయింది. తలెత్తి చూస్తే మూల కుర్చీ ఖాళీ. పరుగున వెళ్ళి చూసింది. వంటల పుస్తకం వంటల్లోకి చేరిపోయింది. అంతేనా, చట్టాల వరస వరసంతా అర అంచుకి సమంగా వచ్చి నిలబడింది.

చదివేవాళ్ళు పుస్తకాన్ని లోపలికి తోసేసి పోతారు. చివర అరచెయ్యి అడ్డం పెట్టి వీపులన్నీ అంచుకి లాగే అలవాటు తనలాంటి వాళ్ళకే ఉంటుంది. సందేహం లేదు, వీడు ఈ పని తెలిసినవాడే. తన కుర్చీ కోసమే వచ్చాడు. ట్రైనింగూ వద్దు, ఏమీ వద్దు, శుక్రవారం ఫోన్ చేసి రానని చెప్పేయాలి అనుకుంది.

శుక్రవారం అతను వచ్చి కూర్చోగానే ఎదురెళ్ళి నిలబడింది. తన గొంతే గదంతా మోగుతోందని కూడా చూసుకోలేదు.

"మిమ్మల్ని ఎవరు పంపించారో నాకు తెలుసు. నా సీటు మీద కన్నేశారు కదూ?"

చదువుకుంటున్నవాళ్ళంతా తలలెత్తారు. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నన్నెవరూ పంపలేదు మేడమ్. నేనూ లైబ్రేరియన్‌నే. ఒకప్పుడు."

"మరిప్పుడు?"

"ఎదుటి వీధిలో, ఫోన్లో సరుకులు అమ్మే కంపెనీలో ఉన్నాను. సబ్బులూ చెప్పులూ వెతికితే దొరికేలా వర్గాలుగా విడదీసి పెడతాను. ఒకరకంగా పని అదే. జీతమూ బాగానే ఉంది. కాకపోతే, వచ్చి అడిగే మనిషంటూ ఉండడు. అందుకే భోజనం మానేసి ఇటొస్తుంటాను. వరస తప్పితే చెయ్యి ఊరుకోదు, క్షమించండి."

"మీ లైబ్రరీ ఏమైంది?"

అతను చేతిలో పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"నన్నూ ట్రైనింగ్‌కి రమ్మన్నారండీ. వెళ్తే నా కుర్చీలో ఎవరినో కూర్చోబెడతారని వెళ్ళలేదు. ఎవరూ కూర్చోలేదు మేడమ్. కుర్చీయే తీసేశారు."

సైలెన్స్ మేడమ్‌కి సిగ్గేసింది, భయమూ వేసింది. బల్ల దగ్గరికి వెళ్ళి, ఆఫీసరుకి ఫోన్ చేసి వస్తానని చెప్పింది. "ఆ ఎవరో ఒకరెవరో ముందు నాకు చెప్పండి" అని కూడా అడిగింది. అనుమానం అంత సులువుగా పోతుందా? తలుపులు తీసి వెయ్యడానికి ఆఫీసు గుమాస్తాని పంపుతామన్నాడు ఆయన. పుస్తకాల జోలికి వెళ్ళనని అతనిచేత ఒట్టు వేయించుకుంటానంది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక, ఆవిడ అరల మధ్యకి వెళ్ళింది. వంటల పుస్తకాన్ని చట్టాల్లో పెట్టింది. పిల్లల కథలు తీసుకెళ్ళి వ్యవసాయంలో దోపింది. ఇన్నేళ్ళూ అంచుకి లాగిన వీపుల్ని ఆ చేత్తోనే ఒక్కొక్కటీ లోపలికి తోసింది. ప్రాణం గిలగిల్లాడింది గానీ, ఆగలేదు.

రెండు వారాలూ మూల కుర్చీ మనిషికి చేతినిండా పని ఉండాలి కదా.