సిమ్మాద్రి మావ ఉపవాసం

ట్రియోలే నుంచి రోజ్ బెల్‌కు రెండు బస్సులు మారాలి. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా: పోర్ట్ లూయీలో బస్సు మారేటప్పుడే ఏదైనా తినేయండి. పైకి వెళ్లేకొద్దీ కొండగాలికి కడుపు నకనకలాడుతుంది. తినకుండా వెళ్లినవాణ్ణి కనక చెబుతున్నాను.

మా దీవికి ఇంకా స్వాతంత్ర్యం రాని రోజులు. రోజ్ బెల్‌లో కాపురముంటున్న మా చెల్లెలు లచ్చమ్మకు సోమవారం కడుపులో ఆపరేషన్. ఆసుపత్రిలో రక్తం నిలవ తక్కువగా ఉందనీ, మనవాళ్లు ఇచ్చి నింపితే తప్ప కత్తి పట్టననీ డాక్టరు చెప్పాడు. అందుకని శనివారం తెల్లవారగానే మా భజన గుంపులో అయిదుగురం బయలుదేరాం.

మా గుంపు పెద్ద సిమ్మాద్రి మావ. శనివారం సాయంత్రం దీపం పెట్టేదాకా ఆయన పచ్చి మంచినీళ్లయినా ముట్టడు. "రక్తం ఇచ్చుడంటే పూజే కదా. తినకుండా ఇయ్యాల" అని మా అందరిచేతా ఉపవాసం పట్టించాడు. బడిలో తెలుగు చెప్పే మేష్టర్ని అయ్యుండీ నేనూ తలాడించాను. కాదంటే ఊరుకుంటాడా?

రెండో బస్సులో పక్క సీటు ముసలావిడ వేరుశనక్కాయల పొట్లం చాపింది. అయిదుగురమూ వద్దన్నాం.

"అందరికీ ఒకేసారి కడుపునొప్పా?" అని భోజ్‌పురీలో అడిగింది.

క్యూర్‌పీప్ దాటాక సన్నగా జల్లు పడింది. తడిసిన చెరకు తోటలు చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంది, ఆకలి ఒక్కటే లేకపోతే.

ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. బావ గేటు దగ్గరే కాచుకున్నాడు. రక్తం తీసే గదిలో నర్సు మన తెలుగు పిల్లే.

"మావా, పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ లేదు" అన్నాడు మావ గర్వంగా.

"అయితే పా కపవ్, కుదరదు. ఖాళీ కడుపు మీద తీస్తే పడిపోతారు. రూలు."

అయిదుగురికీ అదే జవాబు. ఆ గది మధ్యాహ్నం మూస్తే మళ్లీ సోమవారమే తెరుస్తారట. బావ మొహం పాలిపోయింది.

"ఎవరికైనా డబ్బిచ్చి తేనా?" అన్నాడు.

"కొన్న రక్తం మేము తీసుకోము" అంది నర్సు.

మావ గుమ్మంలో నిలబడిపోయాడు. నేను పుట్టకముందు నుంచీ ఆయన పట్టిన నేమం అది. రెండు చేతులూ జోడించాడు. "సామీ, తప్పు నాది. పిల్ల నీది" అని, మా వైపు తిరిగి, "పదండి, తిందాం" అన్నాడు.

గేటు ఎదుటి దుకాణంలో వేడి రొట్టె, వెన్న, టీ దొరుకుతాయి. మొదటి ముక్క మావే కొరికాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెండు రొట్టెలు తిన్నాను.

కాసేపు కూర్చోబెట్టి అందరి దగ్గరా రక్తం తీశారు.

"నా సీసా మీద లచ్చమ్మ పేరు రాయి పిల్లా" అన్నాడు మావ.

"పేరు రాయము మావా. గ్రూపు కలిసినవాళ్లలో ముందు ఎవరికి కావాలో వాళ్లకే. ఎవరిది ఎవరికి వెళ్లిందో చెప్పము."

"మరి లచ్చమ్మకి?"

"ఇంకెవరో ఇచ్చింది."

మావ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పోనీలే, ప్రసాదం మీద పేర్లు రాస్తామా ఏంటి" అన్నాడు.

సాయంత్రం బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు. నేను బావ ఇంట్లో ఉండిపోయాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. చెల్లెలు కోలుకున్నాక పుట్టింటికని అదే దారిన బస్సులో తీసుకొచ్చాను.

"అన్నయ్యా, నాకు ఎక్కించింది ఎవరి రక్తం?" అంది దారిలో.

"చెప్పరమ్మా."

ఇక బస్సు ఆగినప్పుడల్లా ఎక్కేవాళ్లను తేరిపార చూడడం మొదలుపెట్టింది. చెరకు కొట్టే కూలీని చూసింది, టోపీ పెట్టుకున్న సాయిబును చూసింది. చేపలబుట్టతో ఎక్కిన క్రియోల్ జాతి ఆవిడకు చోటు లేకపోతే, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నా లేవబోయింది.

"నువ్వెందుకు లేవడం?" అని కసిరాను.

"ఏమో అన్నయ్యా, ఈవిడేనేమో."

నేను లేచి నా సీటు ఆవిడకిచ్చాను.