చెయ్యి తిప్పి చూసే అముద

అముదకి కోపం ముక్కు మీద కాదు, చేతిలో ఉంటుంది. కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో అంతోణి నడిపే కంప్యూటర్ రిపేరు కొట్టులో పదకొండేళ్లుగా ఆమే మెకానిక్. ఈ పదకొండేళ్లలో ఆ చేతి రుచి చూసినవాళ్లు నలుగురు. అందులో ఒకడు, "ఆడదానికి మదర్‌బోర్డు సంగతి ఏం తెలుసు" అన్న పాపానికి వారం రోజులు ఎడమవైపు నమల్లేకపోయాడు. అయినా ఏ సరుకు మంచిదో తేల్చాలంటే ఆమె దగ్గరికే వస్తారు. కొట్టులో ఒక నోటుపుస్తకం ఉంది. అందులో ఆమె 'సరి' అని రాస్తే సరి, 'వద్దు' అని రాస్తే ఆ వస్తువు వచ్చిన దారినే వెళ్లాలి.

ఆ చేతికి ఇంకో అలవాటు కూడా ఉంది. దేని వేడి చూడాలన్నా మీటరు సంగతి తర్వాత, ముందు చెయ్యి తిప్పి వెనకవైపు ఆనిస్తుంది. బాణసంచా పల్లెల్లో పుట్టిన అలవాటు అది. అక్కడ మందు కలిపిన తట్టని అలాగే చూస్తారు. వెచ్చగా తగిలితే వదిలేసి పరిగెత్తడమే, ఎందుకని ఎవరూ అడగరు. అముద నాయన కందసామి తాయిల్‌పట్టిలో మందు కలుపుతూ ఒకరోజు అలా చూసి, "వెచ్చగా ఉండాది" అన్నాడు. మేస్త్రీ చెంప మీద ఒకటిచ్చి కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. అక్కడ కూర్చున్న నలుగురిలో ముగ్గురిని సంచుల్లో ఎత్తుకొచ్చారు. అప్పటికి అముదకి తొమ్మిదేళ్లు. దెబ్బ తిని మళ్లీ కూర్చున్నందుకు చచ్చిపోయిన నాయన మీద ఆమెకి ఇప్పటికీ కోపమే.

ఈ చిత్తిరై నెల ఎండల్లో విరుదునగర్ అవతలి బాణసంచా కార్ఖానా ఒకటి అంతోణికి కబురు పంపింది. దాన్ని చూసుకునేది యజమాని మేనల్లుడు బాలచందర్, ఈ తమిళదేశంలో అముదలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. తిరునాళ్లకి ఏ బాణం ఆకాశంలో ఎప్పుడు పేలాలో ముందే కంప్యూటర్లో బొమ్మ గీసి చూపిస్తాడు. గంట గీసేసరికి ఆ కంప్యూటర్ కాగిపోయి ఆగిపోతోంది. దానికొక లిక్విడ్ కూలర్ కొన్నాడు. ప్రాసెసర్ నెత్తిన కూర్చునే పంపు, రెండు రబ్బరు గొట్టాలు, ఫ్యాన్లున్న రేడియేటర్, లోపల ఎప్పటికీ మార్చక్కర్లేని నీళ్లు, అంతా ఒకే ముక్క. ముందు పరీక్ష చేసి, బాగుంటేనే బిగించమన్నాడు.

అట్టపెట్టె మీది అంకెలు ఏసీ గదిలో తీసినవి, కోవిల్‌పట్టి ఎండకి వాటితో ఏం పని? అముద ఆ కూలర్‌ని కొట్టు మిద్దె మీద రేకుల గదిలో పెట్టింది. గది ఫ్యాను కట్టేసి, ప్రాసెసర్‌కి ఊపిరాడనివ్వని లెక్కలు ఇచ్చి, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మూడు రోజులు నడిపింది. పాత కూలర్‌తో తొంభై ఆరు డిగ్రీలు దాటిన వేడి దీంతో డెబ్బై ఎనిమిది దగ్గర నిలబడింది. గొట్టాల మొదళ్లలో టిష్యూ కాగితం చుట్టి చూసింది. మూడోరోజు సాయంత్రానికి కూడా కాగితం పొడిగానే ఉంది. నోటుపుస్తకంలో 'సరి' అని రాసింది.

నాలుగోరోజు పొద్దున దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కింది. ముందురోజు సాయంత్రం అక్కడ పెద్ద వాన పడింది. బాలచందర్ ఆఫీసు గది చల్లగా ఉంది. కంప్యూటర్ మూత విప్పి పాత కూలర్ తీస్తుంటే కాలికి ఏదో తగిలి వంగి చూసింది. బల్ల కింద రెండు మూటలున్నాయి, ఒకదాని మూతి తెరిచే ఉంది. లోపల బూడిదరంగు మందు. కలిపిన మందు మర్నాటికి మిగల్చకూడదని, తడి తగిలితే అది తనంతట తనే వేడెక్కి పేలుతుందని ఆ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు.

"ఇది ఏందికి ఇక్కడుండాది అన్నా" అంది అముద.

"వానకి షెడ్డు కారింది. ఈ గదిలో ఏసీ ఉండాది, తడి తగలదు. మద్యానం వాడేస్తారు. నువ్వు నీ పని చూడు" అన్నాడు బాలచందర్.

"ఇది నీళ్లతో నడిచే కూలరు. మూటలు తీస్తేనే బిగిస్తా."

"చుక్క కారదని నువ్వే కదా రాసినావు?"

"మూడు రోజులకి రాసినా. మూడేళ్లకి ఎవరూ రాయలేరు."

బాలచందర్ నవ్వాడు. ఆ నవ్వుకి అముద ఒళ్లు మండిపోయింది. కూలర్ని బల్ల మీద పెట్టి మూటని తానే బయటికి లాగబోయింది. అతను వెనకనుంచి జడ పట్టి గుంజాడు. పళ్లు బల్ల అంచుకి కొట్టుకుని ముందరి పన్ను ఊడింది, నోరంతా రక్తం. "కూలికొచ్చినదానివి, కూలిదానిలా ఉండు" అంటూ చెంప మీద కొట్టాడు.

ఆ చెంపదెబ్బ ఆమెది కాదు, ఇరవై ఏళ్ల కిందటిది. చేతికందిన కూలర్ గొట్టాలు పట్టుకుని, రేడియేటర్ ఊగిపోయేలా తిప్పి అతని మొహాన కొట్టింది. ముక్కు పెటిల్లుమంది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి ఎత్తేసరికి గొట్టం మొదట్లో ఊడిపోయింది. మూడు రోజుల ఎండలో చుక్క రాల్చని కూలర్ తన నీళ్లన్నీ తెరిచి ఉన్న మూటలో పోసింది.

అముద కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. మోకాళ్ల మీద కూలబడి, చెయ్యి తిప్పి మందు మీద ఆనించింది. వేడి తగలలేదు. ఇంకాస్త ఆగింది. వెచ్చగా తగిలింది.

గొడవ విని గుమ్మం దాకా వచ్చిన ముసలి కూలి సుబ్బమ్మాళ్, తిప్పి ఆనించిన ఆ చేతిని చూసింది. ఒక్క మాట అడగలేదు. వెనక్కి తిరిగి, "లేచి ఉరకండే" అని షెడ్లన్నీ అదిరేలా అరిచింది. ఇరవైమంది ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి గేటు వైపు పరిగెత్తారు. అముద కూడా పరిగెత్తేదే. కానీ బాలచందర్ కళ్లలోకి రక్తం కారి గోడలు తడుముతున్నాడు. నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూ అతన్ని కాలర్ పట్టి ఈడ్చుకొచ్చింది. గుమ్మం దాటి పదడుగులు వేశారో లేదో గది పైకప్పు లేచిపోయింది.

ఎవరూ చావలేదు. అతన్ని పట్టుకున్న అముద కుడిచెయ్యి మాత్రం మోచేతిదాకా కాలింది. చర్మం వచ్చినా ఆ చేతికి ఇక వేడీ చలువా తెలియవని డాక్టర్ చెప్పాడు. కూలర్ దానంతటదే కారిందని, 'సరి' అని రాసినదానిదే తప్పని బాలచందర్ పోలీసులకి చెప్పాడు.

అంతోణి నోటుపుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "ఆ పేజీ చించేద్దామా అముదా? నువ్వు కొట్టినావని తెలిస్తే కేసు నీ మీదికి వస్తుంది."

"పెన్ను ఇయ్యన్నా" అంది అముద. 'సరి' కొట్టేసి, ఎడమచేత్తో వంకర అక్షరాలు రాసింది.

'మూడు రోజులు చుక్క కారలేదు. నాలుగో రోజు నేను మనిషిని కొడితే పగిలింది. మందున్న చోట వద్దు.'