గడ్డి పరక తగవు

కొత్త గేమ్ డబ్బా అట్టపెట్టె విప్పగానే గుప్పుమన్న ప్లాస్టిక్ వాసన ఇంకా హాల్లోంచి పోనేలేదు, మా అబ్బాయి అప్పుడే ఫోన్లో స్నేహితుడితో తగువుకి దిగాడు. వాడి డబ్బాలో నీడలు బాగుంటాయట, వీడి డబ్బాలో నీళ్లు బాగుంటాయట. వంటింట్లోంచి వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఈ పంచాయితీ నేను చిన్నప్పుడే గోదావరిఖనిలో విన్నాను.

ఎండాకాలం సెలవుల్లో నాన్న బొగ్గుబావిలో నైట్‌షిఫ్టు దిగి వచ్చి లోపలి గదిలో నిద్రపోతుంటే, ముందు గదిలో కూలర్ తడిగడ్డి వాసన పీలుస్తూ, ఉప్పుకారం అద్దిన పచ్చి మామిడిముక్కలు కొరుకుతూ, టీవీ గొంతు నొక్కేసి గేమ్ డబ్బాలో మూగ క్రికెట్ ఆడేవాళ్లం: అనిల్ అన్న, ఎదురు వరుస క్వార్టర్లో ఉండే మేనత్త కొడుకు శ్రీను బావ, నేను. ఇద్దరు ఆడే ఆట. ఓడినవాళ్లు రిమోట్ మూడోవాళ్లకి ఇవ్వాలి. నా వంతు కోసం పొద్దున్నుంచీ కాచుకుని ఉండేదాన్ని.

అన్న దగ్గరున్నది నల్లడబ్బా. ఆ ఏడు బావకి తెల్లడబ్బా వచ్చింది. అంతే, ఆట అటకెక్కింది. మైదానంలో గడ్డి ఏ డబ్బాలో పరక పరకగా కనిపిస్తుందన్నదే రోజూ రామాయణం. బంతి కనిపిస్తే చాలదా, గడ్డి మేస్తారా వీళ్లు? నా మాట వింటేగా! చివరికి మా టీవీకే ఒకదాని తర్వాత ఒకటి తగిలించి చూద్దామనుకున్నారు. వేరే దిక్కులేక తీర్పు నాకు అప్పగించారు.

నల్లడబ్బా తగిలించేసరికి ఊరి పక్కన బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగి ఇల్లంతా అదిరింది. కిటికీలు ఎంత బిగించినా దుమ్ము రానే వచ్చింది. నల్లడబ్బా చూడటం అయ్యాక మేం బావ ఇంటికెళ్లి తెల్లడబ్బా మోసుకొచ్చి వైర్లు గుచ్చితే గడ్డి నిజంగానే నిగనిగలాడింది. చూసిందే చెప్పాను. అన్న మొహం మాడిపోయింది. అప్పుడొచ్చింది మా అవ్వ, నాన్న తల్లి, చేతిలో నల్లబడ్డ తడిగుడ్డతో.

"టీవీ అద్దం మీద బొగ్గుదుమ్ము వట్టిందని ఇప్పుడే తుడిసిన బిడ్డా. మంచిగ కనవడ్తుందా?"

బుద్ధున్నవాళ్లయితే పడీపడీ నవ్వేవాళ్లు. అన్న మళ్లీ చూడాల్సిందే అన్నాడు. బావ వైర్లు పీకేశాడు.

"ఓడిపోంగనే అవ్వతోని అబద్ధం చెప్పిస్తున్నవారా?"

అవ్వను అంత మాటంటావా అని అన్న, బావను గడప తొక్కొద్దన్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఇంతలో బావ వాళ్ల నాన్నకి గోలేటి గనికి బదిలీ అయింది. సామాన్ల లారీ కదులుతుంటే నేనొక్కదాన్నే బయటికొచ్చాను. ఆ రోజు నుంచి అన్న డబ్బా జోలికే పోలేదు. రెండు రిమోట్లూ నావే, ఆడేందుకు మనిషి లేడు.

ఆ క్వార్టర్లు ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. అవ్వ లేదు. అన్నా బావా మాత్రం మొన్నొక పెళ్లిలో పక్కపక్కనే కూర్చుని ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటున్నారు. అప్పట్లో ఎందుకు కొట్లాడుకున్నారో ఇద్దరికీ యాదికే లేదట. నాకు చిర్రెత్తుకొచ్చింది, మీ గడ్డి మూలంగా నా ఆట పోయింది కదా అన్నాను.

బావ వింతగా చూశాడు.

"నువ్వు గూడ ఆడుతుంటివా మాతోని?"