పెన్సిల్‌తో దిద్దిన అక్క ఫొటో

నా చిన్నప్పుడు... మేముండే దీవిలో, అబర్డీన్ బజార్‌లో మేడ మీదున్న ఫొటో స్టూడియోకి మా నూకాలక్కని తీసుకెళ్ళారు. అక్కకి పద్దెనిమిదేళ్ళు, నాకు తొమ్మిది. అమ్మ తన పెళ్ళినాటి చీర కట్టించి, తలకి నూనె రాసి బిగించి జడ వేసింది.

ఆ ఫొటో ఓడలో శ్రీకాకుళం వైపు, నాన్న పుట్టిన ఊరికి వెళ్ళాలి. అక్కడ ఒక సంబంధం ఉంది. వాళ్ళూ మాలాగే చేపల వేటకెళ్ళేవాళ్ళు...

అక్క ఎడమ బుగ్గ మీద వేలెడు పొడవున మచ్చ ఉండేది. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న పడవలో ఆడుకుంటూ గేలం విసిరాను. అది అక్క బుగ్గని చీరేసింది. ఇంట్లో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. అక్క అసలే అనలేదు.

వారానికి ఫొటో వచ్చింది. అందులో మచ్చ లేదు. రంగు కూడా తేలింది.

"మచ్చేదీ?" అంది అక్క.

"నెగటివ్ మీద పెన్సిల్‌తో సాఫ్ చేసేశా దీదీ. షాదీ ఫొటో కదా," అన్నాడు స్టూడియో భయ్యా. మంచి పనే చేశాననుకున్నాడు పాపం.

అమ్మ సంబరపడింది. "మచ్చున్నదే పంపుదామే అమ్మా," అని అక్క ఒకసారి అంది. అప్పటికే నాన్న కవరు అంటించేశాడు.

పిల్ల నచ్చిందని ఉత్తరం వచ్చింది. కొన్నాళ్ళకి పెళ్ళికొడుకూ వాళ్ళమ్మా ఓడ దిగారు. ఆవిడ మా ఇంట్లో చాప మీద కూర్చుని, సంచిలోంచి ఫొటో తీసి అక్క బుగ్గ పక్కన పెట్టింది. ఒకసారి దాన్ని, ఒకసారి అక్కని చూసింది.

"గుంట మంచిదే. మేం ఒప్పుకున్నది మాత్రం దీన్ని," అని ఫొటో మీద వేలు పెట్టింది. కొడుకు తలెత్తలేదు.

నాన్న ఏదో చెప్పబోయాడు. ఈలోగా అక్కే అంది, "అలాగైతే ఫొటో మీకాడే ఉంచీసుకోండి అత్తా."

కోపంగా కాదు... చేపల బుట్ట ఎక్కడ దించాలో చెప్పినట్టు.

తిరుగు ఓడ పన్నెండు రోజులకి గానీ లేదు. ఈ దీవుల్లో వాళ్ళకి మేం తప్ప ఎవరూ లేరు. అన్ని రోజులూ మా ఇంట్లోనే ఉన్నారు. అక్కే వండింది, అక్కే వడ్డించింది. ఆవిడకి జ్వరమొస్తే అక్కే గంజి కాచి తాగించింది. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. వాళ్ళ పక్కనే కూర్చుని తినేదాన్ని, లేచి చెయ్యి కడుక్కునేదాన్ని...

వెళ్ళే రోజు జెట్టీ దగ్గర ఆవిడ అక్క చెయ్యి పట్టుకుంది. "ఆ ఫొటో రాకుండా ముందు నిన్నే సూసుంటే బాగుణ్ణు అమ్మీ."

అక్క దారికని కట్టిన అన్నం మూట ఆవిడ చేతిలో పెట్టింది.

మూడేళ్ళకి అక్కకి పెళ్ళయింది. చేపల బజార్లో రోజూ అక్కని చూసే మనిషే వచ్చి అడిగాడు. ఫొటో అడగలేదు. బాగానే బతికారు. కానీ ఎక్కడ కెమెరా కనబడినా అక్క ఎడమ బుగ్గ అటు తిప్పేసుకునేది. నా పెళ్ళి ఆల్బమ్ నిండా అక్క పక్కకే చూస్తూ ఉంటుంది. గేలం తగిలాక అయిదేళ్ళు అదే బుగ్గతో బజారంతా తిరిగిన మనిషి...

ఇప్పుడు స్టూడియో భయ్యా అక్కర్లేదు. అమ్మమ్మని నానీ అని పిలిచే మా మనవరాలి ఫోన్, ఫొటో తియ్యకముందే ముఖం నున్నగా చేసేస్తుంది. అసలుదొకటి తియ్యవే అంటే, "అరే నానీ, ఇదే అసలుది. ఫిల్టర్ లేకుండా ఎవరు పెడతారు?" అంటుంది. పదమూడేళ్ళ పిల్ల.

మీ ఇళ్ళలోనూ ఇలా దిద్దిన పాత ఫొటోలు ఉండే ఉంటాయి. వాటిలో ఏం చెరిపేశారో గుర్తున్నవాళ్ళు కింద రాయండి...