రెండు ఎర్ర పుస్తకాలు

డెబ్బైలనాటి బెజవాడలో జూనియర్ వకీలు బతుకంటే సీనియరు గారి వెనక ఫైళ్లు మోయడమూ, వాయిదాలు రాయడమూను. మా సీనియరు గారి దగ్గర మేమిద్దరం. నేను ప్రతి వాయిదానూ వన్ టౌన్‌లో కొన్న ఎర్ర అట్ట పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. నా సహచరుడు ఏదీ రాసేవాడు కాదు, నవ్వేవాడు. (అందుకే ఆయన మాకు నవ్వులరాయుడు. ఆయనకు నేను చిత్రగుప్తుణ్ణి.) కంకిపాడు రైతుల కాలువనీటి దావాకు నెలరోజులు కూర్చుని నోట్సు తయారుచేసింది నేను. తీరా వాదనల రోజున సీనియరు గారు ఊళ్లో లేరు, నాకేమో గొంతు బొంగురుపోయి మాట పెగల్లేదు. "ఇటివ్వండి చిత్రగుప్తుడు గారూ, నేను చదివేస్తా" అంటూ నవ్వులరాయుడు లేచాడు, గెలిచాడు. రైతులు ఆయన్ను భుజాలమీద ఊరేగించారు. నా పేరు ఆయన ఒక్కసారైనా, ఒక్కటంటే ఒక్కసారైనా ఎత్తలేదు! ఆ సాయంత్రమే ఆయన తప్పులు రాయడానికి అచ్చం అలాంటిదే రెండో పుస్తకం కొన్నాను.

ఆ దావా పుణ్యమా అని ఎమ్మెల్యే అయ్యాడు, రాశాను. శాసనసభలో కాలువల మీద మాట్లాడి పత్రికలకెక్కాడు (మాటలు నావే), రాశాను. ఆ పదవి వదిలి మళ్లీ నల్లకోటు తొడిగి, దశాబ్దం ముగిసేలోగా మా కోర్టుకే జడ్జిగా వచ్చారు. (ఇక్కడినుంచి బహువచనం తప్పదు.)

తొలిసారి ఆయన ముందు నిలబడవలసిన ఉదయం, ఎంత తక్కువ వంగితే మర్యాద చెడదో అద్దం ముందు అరగంట సాధన చేశాను. "దణ్ణం ఆ కుర్చీకే కదండీ, దానికింత కసరత్తేమిటి?" అంది మా ఆవిడ. ఆ రోషంలో చేతికందిన పుస్తకం సంచిలో పడేసుకుని బయలుదేరాను.

"పోయిన వాయిదాలో ఏం జరిగిందండీ?" అని జడ్జిగారు అడిగారు. పుస్తకం తెరిచి, గంభీరంగా చదివాను: "కంకిపాడు దావా. నా నోట్సుతో వాదించి, నా పేరు చెప్పక ఊరేగెను."

"ఏంటండీ, మనది గట్టు తగాదా కదా!" అని నా పామర్రు కక్షిదారు గొణిగాడు.

జడ్జిగారు కళ్లజోడు తీసి నావంక చూశారు. "ఈ ఫిర్యాదు నా పరిధిలోకి రాదండీ. కానీ నిజమే. గెలిచింది మీ నోట్సు. ఈ మాట ఆ రోజే నలుగురిలో చెప్పాల్సింది. మీ అసలు పుస్తకం తెచ్చుకోండి, భోజనాలయ్యాక వింటాను."

అన్నేళ్లూ నేను కోరుకున్న మాట అదే. తీరా విన్న హాలంతా ఆయన పెద్దమనసునే మెచ్చుకుంది! అదీ రాశాను. ఆ తరువాత రాయడానికేమీ దొరకలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మిగిలిన పేజీలన్నీ తెల్లగా. అప్పుడప్పుడు తీసి, కాగితం చిరిగేలా కలం నొక్కిన ఆ చివరి వాక్యం చూస్తే, ఆ రాసినవాడి మీద నాకు నవ్వొస్తుంది. (నవ్వులరాయుడంత అందంగా నవ్వడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.)