పత్తి పేజీ మీది కాగితం పీకొద్దు

మా ఊరి ఒకటో తరగతిలోంచి ఆ టీచరమ్మను వెళ్లగొట్టింది మీరే. ఇప్పుడు ఆమె ఫొటోకు దండ కొనడానికి తిరుగుతున్నదీ మీరే.

సోమవారం పొద్దున నాగర్‌కర్నూల్‌లోని ఇంట్లో బడికి బయల్దేరబోతూ గుండె పట్టుకుని కూర్చుందట. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. వాళ్లాయన ఫోన్ చేసేసరికి మా బడి పిల్లలు ప్రార్థనకు వరుస కట్టి నిలబడి ఉన్నారు.

బుధవారం సంతాప సభ పెట్టారు. నేను పోలేదు. సభకు కుర్చీలు వేయడానికి గది ఖాళీ చేస్తూ ఆమె ట్రంకు పెట్టెను బియ్యం బస్తాల గదిలోకి నెట్టేశారు. వచ్చే వారం తనిఖీ ఉందట. పెట్టెలోని బొమ్మల పుస్తకాల మీద ఆమె అతికించిన కాగితాలన్నీ పీకేసి, అవి కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలా చూపించాలట. పీకే పని అయిదో తరగతి పిల్లలకు అప్పజెప్పారట. ఒక చేత్తో దండ, ఇంకో చేత్తో ఈ పని!

ఆ కాగితాలేమిటో తెలియనివాళ్లకు చెప్తాను. మాది తెలకపల్లి నుంచి లోపలికి పోయే ఊరు. బడి ఇంగ్లిష్ మీడియం అయింది. ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ మాట వినపడని పిల్లలు ఒకటో తరగతికి వస్తారు. బడికొచ్చిన బొమ్మల పుస్తకాల్లో ఒకదాంట్లో ఊరంతా తెల్లగా మంచు కురిసి ఉంటుంది. సంచి భుజాన వేసుకుని ఒక తాత నడుస్తుంటాడు. కింద రెండు లైన్ల ఇంగ్లిష్. టీచరమ్మ ఆ లైన్ల మీద తెల్లకాగితం ముక్క అతికించేది, పై అంచుకు మాత్రమే, అన్నం మెతుకులతో. అప్పుడు అడిగేది: "ఏం కనిపిస్తుందిరా?"

"పత్తి టీచర్!"

"తాత పత్తి ఏరుతుండు!"

"ఏరుడు అయిపోయింది, సంచి నిండింది గదనే!"

"గంత పత్తి ఎవల చేన్ల కాసింది? మా చేన్లయితే కాదు!"

పిల్లలు చెప్పిన మాటను ఆ కాగితం మీద వాళ్ల తెలుగులోనే రాసేది. దాని కింద అదే మాట ఇంగ్లిష్‌లో. పిల్లలు వేలు పెట్టి చదివేవాళ్లు, తర్వాత దాని కింద తామే రాసేవాళ్లు. నెల గడిచాక కాగితం మెల్లగా ఎత్తి, "ఈ పుస్తకం రాసినోళ్ల ఊర్ల గిది మంచు అంట, సూద్దామా?" అనేది. పిల్లలు రెండూ చదివేవాళ్లు. ఆమె చేసిన నేరం ఇదే.

మట్టి చేతులతో పుస్తకం ముడితే తిట్టేది కాదు. "చినిగితే మెతుకు పెట్టి అతికిస్త. భయపడి ముట్టకుంటే దేంతోని అతికియ్యాలె?" అనేది. బస్సు దిగేటప్పుడు ఆమె చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం. డబ్బాలో అన్నం కొంచెం ఎక్కువ తెచ్చుకునేది, జిగురు కోసం.

తల్లిదండ్రుల సమావేశం గుర్తుందా? ఆటో నడిపే ఒకాయన లేచాడు. "బొమ్మలు మా ఇంట్ల టీవీల సూస్తలేరా? దానికి బడెందుకు టీచరమ్మా?" అందరం నవ్వాం. కూలికి పోయే ఒక తల్లి మాత్రం నవ్వలేదు. "పత్తిలకెళ్లి తప్పియ్యనీకే గద నా బిడ్డను బడికి తోలింది. ఈడ గూడ పత్తేనా?"

ఆ తల్లి ప్రశ్న నాకిప్పటికీ చిన్నదిగా అనిపించదు. టీచరమ్మకూ అనిపించలేదు. దగ్గరికి పోయి చెప్పింది: "అక్కా, నేను గూడ పత్తిలకెళ్లే వచ్చిన. గద్వాల దిక్కు పత్తి విత్తనాలు పండిచ్చే సీడు చేన్లల్ల పొద్దుగాల్నే పూలు గిల్లేదాన్ని. నాకు బడిల ఎవ్వలు పత్తి అని రాసి సూపెట్టలే. చానా ఏండ్లు సదువు మందిది అనుకున్న, నాది కాదనుకున్న."

మనం వినలేదు. ఆమెను ఒకటో తరగతి నుంచి తీసేయమని పై అధికారికి అర్జీ పెట్టాం. ఊళ్లో రాయడం బాగా వచ్చినవాణ్ణి అని నాతోనే రాయించారు. నేనూ ఉత్సాహంగానే రాశాను, మా బిడ్డ ఆ తరగతే కనుక.

అధికారి వచ్చాడు. మంచు పేజీ తెరిచి మా బిడ్డను ఇదేమిటని అడిగాడు. "కాటన్ సార్" అంది. ఆయన నవ్వాడు. కిటికీ దగ్గర నిలబడ్డ మనమూ నవ్వాం. పిల్ల తల దించుకుంది.

టీచరమ్మ వచ్చి పిల్ల పక్కన నిలబడింది. "సార్, మంచు మీరెప్పుడన్న తొక్కిన్రా?"

"అది కాదు మేడం..."

"నేను తొక్కలే. ఈ పిల్లలు తొక్కలే. అమ్మల ఎంబడి పోయి పత్తి ఏరిండ్రు. వేళ్లు ఎట్ల గీరుకపోయినయో సూడుండ్రి."

ఆయన చూడలేదు. వారంలో ఆమెను అయిదో తరగతి లెక్కలకు మార్చారు. ఒకటో తరగతిలో ఏబీసీడీలు పదేసి సార్లు రాయించడం మొదలైంది. మనం గెలిచాం.

"పిల్లల మేలు కోరాం, తప్పా?" అంటారు. ఇంగ్లిష్ కోరడం తప్పు కాదు. కూలి చేసే ఇంటికి ఇంగ్లిష్ ఎందుకనే హక్కు ఎవడికీ లేదు. కానీ పిల్ల నోట్లోని మాట తుడిచేస్తే తప్ప ఇంగ్లిష్ ఎక్కదని మీకు ఎవరు చెప్పారు?

తొలకరికి పత్తి విత్తనాల ప్యాకెట్లు తెచ్చాను. మా బిడ్డ ఒకటి తీసుకుని, దాని మీద అచ్చేసిన ఇంగ్లిష్ అక్షరాల కింద వేలు జరిపింది. "కాటన్. నాయినా, మా పుస్తకంల తాత సంచిల ఉన్నది గిదే!" పదిసార్లు రాసిన ఏబీసీడీల్లోంచి వచ్చిన చదువు కాదది.

మర్నాడు బడికి పోయాను. ఆమె లెక్కల నోటుబుక్కులు దిద్దుతోంది. తల ఎత్తకుండానే, "అర్జీ మంచిగ రాసిన్రన్నా. ఒక్క తప్పు దొర్కలే" అంది.

"ఇప్పుడు నన్నేం జెయ్యమంటవమ్మా?"

"రాయొచ్చినోళ్లు. ఇంకొకటి రాయుండ్రి."

రాస్తానన్నాను. వానలు పడ్డాయి, విత్తనం పెట్టాం. కలుపులన్నాం, మందులన్నాం. ఇప్పుడు చేలన్నీ తెల్లగా విచ్చుకున్నాయి. నేను రాయలేదు. కనబడినప్పుడు ఆమె ఒక్కసారీ గుర్తు చేయలేదు.

ఇదే ఆ రెండో అర్జీ.

ఒకటి. ట్రంకు పెట్టెను శనివారంలోగా ఒకటో తరగతిలో, పిల్లల చేతికందేలా పెట్టాలి. తాళం వేయొద్దు.

రెండు. పిల్లలు చెప్పింది ముందు రాసి చదివించాలి. పుస్తకంలోది తర్వాత.

మూడు. పదిసార్లు రాయించడం ఆపాలి.

నాలుగు. పిల్లల చేతుల్లో పుస్తకం చినిగితే ఏ టీచరునూ సంజాయిషీ అడగొద్దు.

అయిదు. మొదటి అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు వేసినవాళ్లంతా దీని మీదా వేయాలి. నాది వేశాను.

ఆరు. పత్తి పేజీ మీది కాగితం పీకొద్దు. దాని అంచున మెతుకు ఎండి ఇంకా అంటుకుని ఉంది, పక్కనే ఒక చిన్న వేలి మట్టి మరక.